స్ట్రోక్ తర్వాత కాంజి రాయలేకపోతున్నారు.. ఇది మతిమరుపేనా?

ప్రశ్న: మేం ఒసాకాలో ఉంటాం. నా భర్తది జపానే. మా మామగారికి 71 ఏళ్లు. మూడు నెలల క్రితం బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. మాట, చెయ్యి బాగానే ఉన్నాయి. పేపర్ చదువుతున్నారు. కానీ జపనీస్‌లో మాటకో రూపంగా ఉండే కాంజి అక్షరాలు రాయలేక అన్నీ హిరగానా అనే తేలిక లిపిలోనే రాస్తున్నారు. మతిమరుపు మొదలైందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది మతిమరుపులా లేదమ్మా. మిగతావన్నీ బాగుండి రాత ఒక్కటే దెబ్బతింటే అగ్రాఫియా అంటాం. అందులోనూ కాంజి మాత్రమే పోవడం జపాన్ న్యూరాలజిస్టులకు బాగా తెలిసిన సమస్యే.

హిరగానాను మన అక్షరాల్లాగే శబ్దాన్ని బట్టి రాస్తారు. మందును జపనీస్‌లో ‘కుసురి’ అంటారు. ఆ మాట మనసులో అనుకుంటే మూడు అక్షరాలూ వచ్చేస్తాయి. అదే కాంజిలో ఒక్కటే అక్షరం, 16 గీతలు. ఎంత పలికినా ఆ గీతలు తట్టవు, రూపం గుర్తుకు రావాలి. మెదడులో ఎడమవైపు టెంపోరల్ లోబ్ వెనుక, అడుగు భాగం దెబ్బతింటే ఆ రూపమే అందదు. పైనున్న మూడు గీతలు గీసి ఆగిపోతారు. చూసి రాయమంటే మాత్రం రాసేస్తారు. చదవడం ముందు కోలుకుని, రాయడం వెనకబడటం కూడా మామూలే. అదే మెదడులో ఆంగ్యులర్ గైరస్ అనే భాగం దగ్గర దెబ్బతగిలితే హిరగానా కూడా పోవచ్చు. ఎంఆర్‌ఐలో ఏ భాగం దెబ్బతిందో అక్కడి డాక్టర్‌ని అడగండి.

మొదటి నెలల్లో మార్పు ఎక్కువ కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అన్నీ తిరిగి వస్తాయని మాట ఇవ్వలేను. నిత్యవ్యవహార కాంజి 2,136 ఉన్నా, అన్నీ ఇప్పుడే అక్కర్లేదు. ఆయన పేరు, చిరునామా, ఇంట్లోవాళ్ల పేర్లతో మొదలుపెట్టించండి. చూసి రాయడం, మూసేసి రాయడం, మళ్లీ చూసుకోవడం. గాల్లో వేలితో రాసుకుంటుంటే ఆపకండి, ఆ కదలికే ఒక్కోసారి అక్షరాన్ని అందిస్తుంది. ఫోన్‌లో హిరగానా కొట్టి, కనిపించే కాంజిల్లోంచి ఎంచుకోవడమూ మంచిదే. బంధువుల ముందు మాత్రం ‘ఇది రాయండి చూద్దాం’ అనొద్దు. ఇన్నేళ్లూ అలవోకగా రాసిన మనిషికి అది చాలా బాధ.

రాతకు శిక్షణ ఇచ్చేది అక్కడి స్పీచ్ థెరపిస్టులే, గెంగో చోకకుషి అంటారు. వైద్య బీమాలో స్ట్రోక్ రిహాబ్‌కు మామూలు గడువు 180 రోజులు. సగం అయిపోయింది కాబట్టి ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ తర్వాతి సేవల కోసం కైగో బీమాకు (పెద్దవాళ్ల సంరక్షణకు అక్కడ ఉండే బీమా) ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

మాటల అర్థం మర్చిపోవడం, తెలిసిన వస్తువులను గుర్తుపట్టకపోవడం మొదలైతే డాక్టర్‌కు చూపించండి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా ఆలోచించకుండా అంబులెన్స్ కోసం 119కి ఫోన్ చేయండి.