జనపనారలో మత్తు ఉంటుందా?

సందేహం: అమెరికాలో అమ్మే మిఠాయిల గురించిన వార్తలో ‘జనపనార నుంచి తీసిన డెల్టా-8 గంజాయి’ అని చదివాను. జనపనారలో మత్తు ఉంటుందా? డెల్టా-8, డెల్టా-9 అనేవి గంజాయిలో రకాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: రెండూ కావు. ఆ వాక్యంలో రెండు తప్పులున్నాయి.

జనపనార అంటే గోనె సంచులు నేసే నార. అందులో మత్తు లేదు. చిక్కంతా ‘హెంప్’ అనే ఆంగ్ల పదంతో వచ్చింది. నారనిచ్చే మొక్కలు చాలావాటికి ఆంగ్లేయులు ఈ మాట తగిలించారు. మనం పచ్చిరొట్టకు చల్లే జనుము వారికి ‘సన్ హెంప్’, మన గోగు ‘డెక్కన్ హెంప్’. గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కెనబినస్‌లోనూ గంజాయి పోలికే ఉంది. వేళ్లలా చీలిన ఆ ఆకును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. పోలిక ఆకుతోనే సరి.

అమెరికా చట్టంలో మాత్రం ‘హెంప్’ సాక్షాత్తు గంజాయి మొక్కే. ఎండు బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) 0.3 శాతం మించకపోతే, అంటే కిలోకు 3 గ్రాములు దాటకపోతే, దాన్ని హెంప్‌గా లెక్కించాలని 2018 చట్టం గీత గీసింది. దీన్ని ‘నార గంజాయి’ అంటే అర్థం చెడదు. జనపనార అనడం మాత్రం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే.

ఇక అంకెల సంగతి. అవి మొక్కవి కావు, మత్తు పదార్థానివి. టీహెచ్‌సీ అంటే టెట్రాహైడ్రోకెనబినాల్. డెల్టా-8లోనూ డెల్టా-9లోనూ ఉన్న పరమాణువులు ఒకటే. కర్బన వలయంలో జంట బంధం ఎనిమిదో స్థానం దగ్గర మొదలైతే డెల్టా-8, తొమ్మిదో స్థానం దగ్గరైతే డెల్టా-9. ఆ జంట బంధానికి గుర్తే డెల్టా అనే గ్రీకు అక్షరం. గోదావరి డెల్టాకు పేరిచ్చిన ముక్కోణపు అక్షరం కూడా అదే. బంధం ఒక్క మెట్టు జరిగితే చాలు, మత్తు తీవ్రత మారిపోతుంది: డెల్టా-8 కొంత బలహీనం. మొక్కలో అది లేశమాత్రమే ఉంటుంది. అంగట్లో దొరికేది చాలావరకు సీబీడీ అనే మరో పదార్థాన్ని ఆమ్లంతో మార్చి చేసినదే. కాబట్టి ‘తీసిన’ కన్నా ‘తయారుచేసిన’ అనడమే నిజానికి దగ్గర.

టీహెచ్‌సీఏ అనే పేరు కనబడితే చివరి ‘ఏ’ని వదిలేయకండి. అది పచ్చి మొక్కలో ఉండే ఆమ్ల రూపం. దానికదిగా మత్తివ్వదు, వేడి తగిలితే టీహెచ్‌సీగా మారుతుంది.

ఆ వార్తను ‘నార గంజాయి నుంచి తయారుచేసిన డెల్టా-8 టీహెచ్‌సీ’ అని రాయవలసింది. పేరు ఏదైనా, మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం డెల్టా-8నూ డెల్టా-9నూ రెండింటినీ నిషిద్ధ జాబితాలోనే చేర్చింది.