అంగారకుడి మీద తిరుగుబాటు కథ: భూమి నుంచి సైన్యం మూడు రోజుల్లో రాదు, అదే మీ బలం

నమస్తే అండి. మీ కథలో గని కార్మికులు ఎదురుతిరగగానే కమాండర్ భూమికి ఫోన్ చేయడం, మూడో రోజుకే సైన్యం దిగడం నమ్మేలా లేదని చదివినవాళ్లు అన్నారని రాశారు. వాళ్లన్నది నిజమే. కానీ కథంతా మార్చక్కర్లేదు, ఆ ఒక్క సీను తీసేయండి.

అంగారకుడి నుంచి మాట భూమికి చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, జవాబుకి మళ్లీ అంతే. ఓడ బయలుదేరడానికి అనువైన సమయం దాదాపు 26 నెలలకోసారి వస్తుంది, ప్రయాణం ఇంకో ఆరేడు నెలలు. అంటే కమాండర్ ఒంటరివాడు. ఆ భయాన్ని వాడుకోండి.

అసలు గొడవ గాలి దగ్గర పెట్టండి. నాసా అంగారకుడి మీదికి పంపిన పర్సెవరెన్స్ రోవర్‌ (చక్రాల బండి)లోని మాక్సీ అనే పరికరం 2021 నుంచి 2023 వరకు 16 సార్లు పనిచేసి అక్కడి గాలి నుంచి తీసిన ఆక్సిజన్ మొత్తం 122 గ్రాములే. ఒక మనిషికి కొన్ని గంటలకు సరిపోతుంది, అంతే. కాబట్టి ఆక్సిజన్ ప్లాంటు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లది.

తుపాకీ ఫైట్ మాత్రం తప్పకుండా ఉంచండి, నాకు బాగా నచ్చింది. అయితే బుల్లెట్ తగలగానే ఊరి మీద గాలిని పట్టి ఉంచే పెద్ద డోమ్ (గుండ్రని కప్పు) పేలిపోదు. చిన్న రంధ్రం నుంచి గాలి మెల్లగా పోతుంది. ఆ శబ్దం విని రెండు వర్గాలూ తుపాకులు పక్కన పడేసి అతుకు వేయడానికి పరిగెత్తితే? మీ హీరోయిన్ వెల్డరే కదా, ఆ సీను ఆమెకే ఇవ్వండి.