తొమ్మిదిలో జర్మన్ తీసుకుంటే జర్మనీ వెళ్లినట్టేనా?

ప్రశ్న: మాది హనుమకొండ. అమ్మాయి సీబీఎస్‌ఈలో తొమ్మిదికి వచ్చింది. హిందీ బదులు ఫ్రెంచ్ గానీ జర్మన్ గానీ తీసుకోవచ్చని స్కూల్లో చెప్పారు. మా మరిది కొడుకు జర్మనీలో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ చదువు ఫ్రీ కాబట్టి జర్మనే తీసుకోమని ఇంట్లో అందరూ అంటున్నారు. అమ్మాయేమో కొరియన్ అంటుంది, ఎప్పుడూ ఫోన్లో అదే చూస్తుంటుంది. ఈ మూడింటిలో దేనికి భవిష్యత్తు ఉంది? ఇప్పుడు తప్పు చేస్తే తర్వాత దిద్దుకోలేమేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యంలో ఉంది. ముందు దానికే చెప్తాను: దిద్దుకోవచ్చు. తొమ్మిదో తరగతిలో తీసుకున్న భాష వల్ల ఏ దారీ మూసుకుపోదు. టెన్త్ దాకా ఒక్క విదేశీ భాషా చదవని పిల్లలు ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) చేరి, అక్షరాల నుంచి మొదలుపెట్టి బీఏ పూర్తి చేస్తున్నారు. ఏటా జూన్ వచ్చిందంటే కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తుంది. అందరిదీ ఇదే భయం.

ఇక జర్మనీ సంగతి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన పిల్లలు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాల్సి వస్తోంది. ఫీజు లేని చోటికి వెళ్లినా, ఏడాది ఖర్చుల కోసం 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, వేసి చూపించాలి. అంటే 10 లక్షల పైమాటే. ఫ్రీ అన్నవాళ్లు ఈ లెక్క మీకు చెప్పారా?

మీ మరిది కొడుకుకు ఒకసారి ఫోన్ చేసి, స్కూల్లో జర్మన్ చదివాడేమో అడగండి. మనవాళ్లు వెళ్లే ఎంఎస్ కోర్సులు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. డిగ్రీ స్థాయి కోర్సులు మాత్రం ఎక్కువగా జర్మన్‌లోనే. వాటికి సాధారణంగా జర్మన్‌లో సీ1 స్థాయి అడుగుతారు, భాష వచ్చిన స్థాయిని కొలిచే ఆరు మెట్లలో అది ఐదోది. స్కూల్లో రెండేళ్ల చదువుతో మొదటి మెట్టు ఎక్కుతారు, బాగా చెప్పే టీచర్ ఉంటే రెండోది. పైగా జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయినవాళ్లను పక్కనపెడితే, ఇంటర్ అవగానే నేరుగా సీటు ఇవ్వరు. ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదివి ఉండాలి, లేదంటే అక్కడ స్టూడియన్‌కొలెగ్ అనే ఏడాది కోర్సు చేయాలి. జర్మన్ పనికిరాదని నేను అనను. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి మరీ పంపుతోంది. వాళ్లు నేర్చుకుంటున్నది నర్సింగ్ చదివాక. నాకున్న అనుమానమల్లా స్కూల్ సబ్జెక్టును వీసాతో ముడిపెట్టడం మీదే.

ఫ్రెంచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టీచర్లు, పుస్తకాలు దొరుకుతాయి, ఇంటర్‌లోనూ సెకండ్ లాంగ్వేజ్‌గా ఉంది. కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) అదనపు పాయింట్లు వస్తాయంటారు, అది నిజమే గానీ వాటికి స్కూల్ ఫ్రెంచ్ చాలదు.

ఇప్పుడు ఒక మాట కటువుగానే అంటాను. పిల్లకు పద్నాలుగేళ్లు. ఏ గ్రూపు తీసుకుంటుందో కూడా ఇంకా తేలలేదు, మీరేమో జర్మనీ దాకా వెళ్లిపోయారు. ఎవరూ చెప్పకుండా తనంతట తాను నేర్చుకుంటున్న ఒక్క విషయాన్ని ‘ఫోన్లో చూస్తుంటుంది’ అని తీసిపారేశారు. ట్యూషన్ పెట్టించినా రాని శ్రద్ధ అది. కొరియన్ మనకు మరీ కొత్త కూడా కాదు. ‘నేను అన్నం తింటాను’ అన్న వరసలోనే వాళ్ల వాక్యమూ ఉంటుంది, క్రియ చివరికే వస్తుంది. మన కు, తో, లో మాటల వెనక చేరినట్టే వాళ్లవీ చేరతాయి. ప్రాథమిక అక్షరాలు 24. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను, జర్మన్‌కూ ఆ గ్యారంటీ లేదు. కానీ మీ ఊరి పక్కనే, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కొరియా కంపెనీ యంగ్‌వన్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. ఆ భాష మీ గడప దాకా వచ్చిందమ్మా, చిన్నచూపు చూడకండి.

లక్నేపల్లిలో పుట్టి హనుమకొండలో చదువుకున్న పీవీ నరసింహారావు గారు స్పానిష్ దాకా నేర్చుకున్నారు. ఆయనకు తెలుగు, మరాఠీ, ఉర్దూ గట్టిగా వచ్చు. కాబట్టి ఇంటర్‌లో మార్కుల కోసం మీ అమ్మాయి చేత తెలుగు మాన్పించకండి. హిందీ ఇష్టంగా చదువుతుంటే అదీ మార్చాల్సిన పని లేదు.

మార్చాలనే ఉంటే, స్కూల్‌కు వెళ్లి ఫ్రెంచ్, జర్మన్ టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో కనుక్కోండి. భాష మీద విసుగు పుట్టి నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఏడాది మధ్యలో టీచర్ మారారు. అమ్మాయిని రెండు క్లాసుల్లోనూ ఒక్కో రోజు కూర్చోనివ్వమని అడగండి, ఏది నచ్చిందో తనే చెప్తుంది. కొరియన్ ఇంట్లో ఎలాగూ సాగుతుంది. ఈ రాత్రి మీ పేరు కొరియన్‌లో రాసి చూపించమనండి. ఏ అక్షరం ఎందుకు రాసిందో తను చెప్తుంటే పక్కన కూర్చుని వినండి.