పాత నంబరు దొరకనప్పుడు: ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టర్ల సందేహాలు

ఇంట్లో సొంతంగా ఆంప్లిఫయర్లు కట్టుకునే పాఠకులు ఈమధ్య పంపిన ప్రశ్నలు చాలావరకు ఒకే చోటికి వచ్చి ఆగుతున్నాయి. సర్క్యూట్‌లో రాసి ఉన్న ట్రాన్సిస్టర్ బజారులో దొరకదు. ‘దీని బదులు ఇది వేసుకోండి’ అని దుకాణదారు చేతిలో పెట్టినదాన్ని నమ్మవచ్చో లేదో తెలియదు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: పాత జిరాక్సు కాగితంలోని సర్క్యూట్ చూసి ఆంప్లిఫయర్ బోర్డు కట్టాను. ఔట్‌పుట్‌లో 2ఎస్‌సీ3281, 2ఎస్‌ఏ1302 జంట వేయాలని అందులో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ 30-0-30, స్పీకర్ 8 ఓంలు. ఒక దుకాణంలో టీఐపీ35సీ, టీఐపీ36సీ సరిపోతాయన్నారు. ఇంకొకరు 2ఎన్3055 దేనికైనా పనికొస్తుందన్నారు. మూడో చోట 3281 ఒరిజినలే ఉందన్నారు. ఏది కొనమంటారు? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగా ఆ మూడో దుకాణం సంగతి వదిలేయండి. ఈ జంటను తోషిబా సంస్థ తయారు చేసేది. ఆపేసి చాలా కాలమైంది. తయారీ ఆగిపోయిన ఆడియో ట్రాన్సిస్టర్ ఇప్పుడు కొత్తగా, మెరుస్తూ, డజన్ల కొద్దీ దొరుకుతోందంటే దానిమీది అక్షరాలు ఎవరో ఈమధ్య అచ్చు వేసినవే అయి ఉండే అవకాశం ఎక్కువ.

మిగిలిన రెండింటి సంగతి తేల్చడానికి మీ ట్రాన్స్‌ఫార్మరే చాలు. 30-0-30 అంటే మధ్య తీగకు ఒక్కో వైపు 30 వోల్టులు; అది ఏసీ విలువ. బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు), కెపాసిటర్లు దాటాక అది 1.414 రెట్లయి, డయోడ్లలో పోయేది పోగా ఒక్కో వైపు సుమారు 41 వోల్టుల డీసీ మిగులుతుంది. అయితే ట్రాన్సిస్టర్ మీద పడేది 41 వోల్టులే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పాట గట్టిగా మోగుతున్నప్పుడు పై ట్రాన్సిస్టర్ స్పీకరు తీగను దాదాపు ప్లస్ 41 దాకా లాగుతుంది. ఆ క్షణంలో కింది ట్రాన్సిస్టర్ ఒక కాలు ఆ తీగ దగ్గర, ఇంకో కాలు మైనస్ 41 దగ్గర ఉంటుంది కాబట్టి దాని మీద ఏకంగా 82 వోల్టులు పడతాయి. లోడు తగ్గిన రాత్రివేళ ఇంటికి వచ్చే కరెంటు 230 బదులు 250 వోల్టులకు చేరితే ఈ లెక్క 90కి వెళుతుంది. మీరు కొనబోయే ట్రాన్సిస్టర్ తట్టుకోవలసింది ఆ 90 వోల్టులను.

ఇప్పుడు 2ఎన్3055 చూడండి. ట్రాన్సిస్టర్‌కు ఉండే మూడు కాళ్లు బేస్, కలెక్టర్, ఎమిటర్. వాటిలో కలెక్టర్ ఎమిటర్ల మధ్య అది తట్టుకోగలిగేది 60 వోల్టులు. 15 ఆంపియర్ల కరెంటు, 115 వాట్ల వేడి భరించే లోహపు డబ్బా కాబట్టి చూడటానికి చాలా బలంగా కనిపిస్తుంది. 15-0-15 ట్రాన్స్‌ఫార్మరుతో నడిచే చిన్న ఆంప్లిఫయర్‌లో ఎమ్‌జే2955తో జతకట్టి ఏళ్ల తరబడి పనిచేస్తుంది కూడా. కానీ మీ బోర్డులో వాల్యూమ్ పెంచిన మొదటి పాటకే పోవచ్చు. పోయేటప్పుడు సాధారణంగా షార్ట్ అయి పోతుంది. అప్పుడు 41 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్ కాయిల్‌లోకి వెళ్లి దానిని కూడా కాల్చేస్తుంది.

టీఐపీ35సీ, టీఐపీ36సీ జంట 100 వోల్టులది. 25 ఆంపియర్లు, 125 వాట్లు. కాగితం మీద 90 కంటే 100 ఎక్కువే. అయినా మీకు వద్దనే చెబుతాను. డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) 100 వోల్టులు ఒక చోట, 25 ఆంపియర్లు ఇంకో చోట రాసి ఉంటాయి తప్ప, రెండూ ఒకేసారి భరిస్తుందని ఎక్కడా ఉండదు. వోల్టేజి పెరిగే కొద్దీ అనుమతించే కరెంటు బాగా పడిపోతుంది. దానికి మించితే చిప్‌లోని కరెంటంతా ఏదో ఒక మూలకు గుమిగూడి, ఆ చుక్క వేడెక్కి కరిగిపోతుంది. దీనినే సెకండ్ బ్రేక్‌డౌన్ అంటారు. డేటాషీట్‌లో ‘సేఫ్ ఆపరేటింగ్ ఏరియా’ అనే గ్రాఫు ఈ హద్దును చూపడానికే ఉంటుంది. దుకాణంలో ఆ గ్రాఫు చూసి ట్రాన్సిస్టర్ కొన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఇంటికి వచ్చాకైనా చూడాలి. పైగా మీ అసలు జంట 30 మెగాహెర్ట్జ్ వేగం గలది, టీఐపీ35సీ వేగం 3 మెగాహెర్ట్జ్. వేగవంతమైన జంట కోసం రాసిన సర్క్యూట్‌లో నెమ్మదైనది వేస్తే పై స్వరాల్లో డిస్టార్షన్ (ధ్వని చెదరడం) పెరుగుతుంది, కొన్ని సర్క్యూట్లు స్థిరత్వమే కోల్పోతాయి.

మీరు కొనవలసినవి 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943. ఇవీ తోషిబా జంటే: 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు, అదే 30 మెగాహెర్ట్జ్, అదే సైజు, కాళ్ల వరుస కూడా అదే. అక్షరాలు ఉన్న ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉంచి చూస్తే ఎడమ నుంచి బేస్, కలెక్టర్, ఎమిటర్. జపాను పద్ధతిలో మొదటి 2ఎస్‌ను సాధారణంగా ఒంటి మీద అచ్చు వేయరు కాబట్టి దుకాణంలో ‘సీ5200, ఏ1943’ అనే అడగండి. ఆన్‌సెమి సంస్థ తయారుచేసే ఎమ్‌జేఎల్3281ఏ, ఎమ్‌జేఎల్1302ఏ జంట కూడా నిశ్చింతగా వేసుకోవచ్చు; 260 వోల్టులు, 200 వాట్లు. పేరులో పాత నంబరే ఉన్నా ఇది వేరే సరుకు, నిజానికి మెరుగైనది. రెండూ ఒకేసారి మార్చండి. పైన కొత్తది, కింద పాతది ఉంచకండి. నంబరు పక్కన ఆర్ లేక ఓ అనే అక్షరం ఉంటుంది. ఆర్ అంటే గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 55 నుంచి 110 వరకు, ఓ అంటే 80 నుంచి 160 వరకు. రెండింటిమీదా ఒకే అక్షరం ఉండేలా తీసుకోండి.

5200కి కూడా నకిలీలు విపరీతంగా ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం నేను ఒక దుకాణంలో సగం ధరకు నాలుగు కొన్నాను. మల్టీమీటరులో నాలుగూ చక్కగా చూపించాయి, తక్కువ వాల్యూమ్‌లో చక్కగా పాడాయి, వాల్యూమ్ సగానికి తిప్పగానే రెండు పోయాయి. కోపంకొద్దీ ఒకదానిని సుత్తితో పగలగొట్టి, పాత ఆంప్లిఫయర్‌లో కాలిపోయిన ఒక అసలైన దానిని కూడా పగలగొట్టి పక్కపక్కన పెట్టి చూశాను. అసలైన దానిలో రాగి పలక మీద చిప్ విశాలంగా పరుచుకుని ఉంది. నకిలీలో అదే పలక మీద పెసరగింజంత ముక్క అతికించి ఉంది. మల్టీమీటర్ పంపేది కొద్ది మిల్లీఆంపియర్లే కాబట్టి ఆ తేడా దానికి తెలియదు. (రేడియో ట్రాన్స్‌మిటర్లలో వాడే పవర్ ట్రాన్సిస్టర్లను మాత్రం ఇలా పగలగొట్టకండి. కొన్నింటి లోపల బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.) కాబట్టి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, బిల్లు ఇచ్చే చోట, తయారీదారు నుంచి సరుకు తెచ్చే అధీకృత పంపిణీదారు దగ్గర కొనండి. ధర మరీ తక్కువ చెబితే అనుమానించండి.

బిగించేటప్పుడు వెనుక ఉన్న లోహం కలెక్టరేనని గుర్తుంచుకొని, దానికీ హీట్‌సింక్‌కూ (వేడిని లాగే లోహపు పలకకూ) మధ్య కరెంటును ఆపే మైకా ముక్క, హీట్‌సింక్ పేస్టు వాడండి. బిగించాక కలెక్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య మల్టీమీటర్ ‘బీప్’ అనకూడదు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు స్పీకర్ తగిలించకుండా, మెయిన్స్‌కు వరుసలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు, కాబట్టి పాతకాలపు బల్బు ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే పారేయకుండా దాచుకోండి. కెపాసిటర్లు నిండే వరకు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి.

తర్వాత బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు. ట్రిమ్మర్‌ను (దానిని సరిచేసే, తిప్పగలిగే చిన్న రెసిస్టర్‌ను) కరెంటు అత్యల్పంగా ఉండే చివరన పెట్టి మొదలుపెట్టండి. ఎమిటర్ రెసిస్టర్ 0.22 ఓం అయితే దాని రెండు చివరల మధ్య 11 మిల్లీవోల్టులు వచ్చేదాకా మెల్లగా తిప్పండి. అంటే 50 మిల్లీఆంపియర్లు అన్నమాట. మీ కాగితంలో వేరే విలువ ఇచ్చి ఉంటే దానినే పాటించండి. పావుగంట ఆగి, హీట్‌సింక్ వేడెక్కాక మళ్లీ చూసి సరిచేయండి. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉందని చూశాకే స్పీకర్ కలపండి.

ప్రశ్న: ప్రీఆంప్లిఫయర్‌లో (సన్నని సిగ్నల్‌ను మొదట పెంచే భాగంలో) బీసీ549సీ పోతే దాని స్థానంలో 2ఎన్3904 వేశాను. శబ్దం వస్తోంది కానీ చాలా సన్నగా, చీలినట్టు వస్తోంది. ట్రాన్సిస్టర్ చెడ్డదా? (సిద్దిపేట నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: ట్రాన్సిస్టర్ మంచిదే అయి ఉంటుంది, మీరు దానిని వెనుకకు ముందు పెట్టి ఉంటారు. ఆ చిన్న నల్లటి అర్ధచంద్రాకారపు ట్రాన్సిస్టర్లన్నీ చూడటానికి కవల పిల్లల్లా ఉన్నా కాళ్ల వరుస ఒక్కో దేశానిది ఒక్కో రకం. చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉంచి ఎడమ నుంచి చదివితే, ఐరోపా పద్ధతి బీసీ549కు కలెక్టర్, బేస్, ఎమిటర్. అమెరికా పద్ధతి 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. జపాను సీ1815కు ఎమిటర్, కలెక్టర్, బేస్. బోర్డు మీద గీసిన అర్ధచంద్రం ప్రకారం మీరు 3904 వేశారు కాబట్టి ఎమిటర్, కలెక్టర్ తారుమారయ్యాయి. తారుమారైన ట్రాన్సిస్టర్ పూర్తిగా మూగబోకుండా అతి తక్కువ గెయిన్‌తో నడుస్తుంది; మీకు సన్నగా వినిపిస్తున్నది అదే. దానిని తీసి సగం చుట్టు తిప్పి పెడితే శబ్దం తిరిగి వస్తుంది. అయితే బేస్ ఎమిటర్ జంక్షన్ వెనుక దిశలో 6 వోల్టులే తట్టుకుంటుంది. మీ సర్క్యూట్ 12 వోల్టులదైతే ఇప్పటికే కొంత దెబ్బతిని, హిస్ శబ్దం పెరిగి ఉండవచ్చు. కాబట్టి కొత్తది వేయడం మేలు.

అసలు ఆ స్థానానికి 3904 నేను ఎంచుకోను. బీసీ549లో చివరి సీ అక్షరానికి గెయిన్ 420 నుంచి 800 వరకు. 3904కు 100 నుంచి 300 వరకు. ప్రీఆంప్లిఫయర్ మొదటి మెట్టులో ఆ తేడా వినిపిస్తుంది. బీసీ550సీ దొరికితే అది వేయండి, తక్కువ హిస్‌తో 45 వోల్టుల వరకు తట్టుకుంటుంది. లేకపోతే ఏ దుకాణంలోనైనా ఉండే బీసీ547సీ. రెండింటికీ కాళ్ల వరుస మీ పాతదానిదే.

ప్రశ్న: ఎస్‌ఎల్100, ఎస్‌కే100 బదులు ఏమి వేయాలి? (కరీంనగర్)

జవాబు: బీడీ139, బీడీ140. అవి 80 వోల్టులు, 1.5 ఆంపియర్లు తట్టుకుంటాయి కాబట్టి వాటి చోట సునాయాసంగా సరిపోతాయి. అక్షరాల ముఖం మీ వైపు ఉంచితే ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. మీ పాత గుండ్రటి లోహపు డబ్బాకు అంచున చిన్న నాలుకలాంటిది ఉంటుంది, దాని పక్క కాలే ఎమిటర్. ఆ మూడు రంధ్రాల్లోకి కాళ్లు వంచి పెట్టేటప్పుడు ఒకదానికొకటి తగలకుండా స్లీవ్ తొడగండి.

ప్రశ్న: మా తాతగారు కట్టిన చిన్న ఆంప్లిఫయర్‌లో ఏసీ128 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. మల్టీమీటరులో అవి లీకేజీ చూపిస్తున్నాయి. సిలికాన్ పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లతో మార్చవచ్చా? (నెల్లూరు)

జవాబు: తొందరపడి తీసేయకండి. ఏసీ128 జెర్మేనియంతో చేసినది; జెర్మేనియం బాగున్నప్పుడు కూడా కొంత లీకవుతుంది (ఆగి ఉండవలసినప్పుడు కూడా కొద్దిగా కరెంటు పారుతుంది), వేసవి మధ్యాహ్నం ఇంకా ఎక్కువ లీకవుతుంది. సిలికాన్‌కు అలవాటుపడిన కంటికి అది చెడినట్టు కనిపిస్తుంది, అంతే. ఆంప్లిఫయర్ పాడుతుంటే ముందుగా మార్చవలసినవి అందులోని పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు.

నిజంగానే పోయి ఉంటే, సిలికాన్‌ను నేరుగా ఆ రంధ్రాల్లో పెట్టడం కుదరదు. జెర్మేనియం బేస్ దగ్గర 0.2 వోల్టులకే కదులుతుంది, సిలికాన్‌కు 0.6 పైన కావాలి. పాత బయాస్ రెసిస్టర్లు 0.2 కోసమే లెక్క కట్టినవి కాబట్టి కొత్త జంట సగం నిద్రలో ఉండి, తక్కువ వాల్యూమ్‌లో ప్రతి ధ్వని తరంగం సున్నా దాటే చోట కోత పడుతుంది, గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తుంది. బయాస్ మార్చక తప్పదు. అది మార్చితే తాతగారి సర్క్యూట్‌లో సగం మార్చినట్టే. నా మాట అడిగితే, పాత రేడియోలు బాగుచేసేవారి దగ్గర పాత ఏసీ128 కోసమే వెతకండి. రెండు మూడు ఎక్కువ తెచ్చుకుని, లీకేజీ దగ్గరదగ్గరగా ఉన్న రెండింటిని జంటగా ఎంచుకోండి. సోల్డర్ చేసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌కూ ట్రాన్సిస్టర్ ఒంటికీ మధ్య కాలిని పట్టుకారుతో పట్టుకోండి. ఆ వేడి పట్టుకారులోకి పోవాలి, జెర్మేనియంలోకి పోకూడదు.