కలిసే చోట్లే చూడు, బిడ్డా

బిడ్డా,

కోకాపేటలో 40 అంతస్తుల టవర్ మీద సైట్ ఇంజినీర్‌గా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. డిజైన్ చేసేవాళ్లు వేరే ఆఫీసులో ఉంటారు, నీ చేతికి వచ్చేది డ్రాయింగే. అయినా ఆ గీత అక్కడెందుకు ఉందో తెలియకపోతే సైట్‌లో దేనికి సర్దుకోవచ్చో, దేనికి అడ్డం నిలబడాలో తెలియదు. ఆ ఉద్దేశంతోనే మహబూబ్‌నగర్‌లో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నా. ముందుగా ఒక మాట మనసులో పెట్టుకో. ఎత్తయిన కట్టడంలో గొడవ ఎక్కువగా రెండు కలిసే చోటే పుడుతుంది. రాయీ మొరమూ కలిసే చోట, కాలమ్ (నిలువు స్తంభం), బీమ్ (అడ్డ దూలం) కలిసే చోట, నిన్నటి కాంక్రీటూ ఇవాళ్టి కాంక్రీటూ కలిసే చోట. నీ కళ్లు అక్కడ ఉండాలి.

నేల నుంచి మొదలుపెడతా. హైదరాబాద్‌దీ మన జిల్లాలదీ గ్రానైట్ నేల. భువనగిరి కోట కింద ఉన్నలాంటి ఏకశిల దొరికితే అదృష్టమే. కానీ మన వైపు గుట్టల మీద విడివిడిగా కనిపించే గుండ్లు భూమి లోపల కూడా ఉంటాయి, చుట్టూ మొరం నిండి. నేల పరీక్షకు వేసే బోరు ఒక పెద్ద గుండుకు తగిలితే అందరూ షీట్ రాక్ (కింద పరుచుకున్న అసలు రాయి) వచ్చిందని సంబరపడతారు. ఆ గుండు కింద మళ్లీ మెత్తటి మొరం ఉండొచ్చు. అందుకే రాయి తగిలాక కూడా బోరు కిందికి పోవాలి, బయటికి వచ్చిన కోర్ ముక్కలు, అంటే బోరు తీసిన గుండ్రటి రాతి ముక్కలు, ఎంత పొడవున్నాయో చూడాలి. రిపోర్ట్ చదివి ఊరుకోకుండా కోర్ పెట్టెలు తెరిపించి నీ కళ్లతో చూడు. రాఫ్ట్‌లో (టవర్ మొత్తం కింద పరిచే మందపాటి కాంక్రీటు పునాదిలో) సగం గట్టి రాయి మీద, సగం మొరం మీద కూర్చుంటే ఒక పక్క దిగుతుంది, రెండో పక్క దిగదు. అంత పొడుగు టవర్ కింద ఆ చిన్న తేడా పైకి పోయేసరికి పెద్ద వంపవుతుంది. బ్లాస్టింగ్‌లో రాయి ఎక్కువ లోతుకు ఎగిరిపోయిన గుంటలను మొరంతో పూడ్చనివ్వకు, కాంక్రీటుతోనే నింపించు.

సెల్లార్లు లోతుగా తవ్వుతున్నారు కాబట్టి నీటి సంగతి కూడా చెప్పాలి. రాఫ్ట్ అడుగు కన్నా 10 మీటర్లు పైన నీళ్లు నిలిస్తే, ప్రతి చదరపు మీటరునూ 10 టన్నుల బలం పైకి నెడుతుంది. పై అంతస్తుల బరువు పడనంత కాలం దాన్ని ఆపేది మీ పంపులే. వానాకాలంలో కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకుంటుందో లేదో నువ్వే చూసుకో. పంపులు ఎప్పుడు ఆపాలో డిజైనర్ రాసిచ్చేదాకా ఆపనివ్వకు.

ఇక గాలి. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు దాదాపు 124 మీటర్లు, నీ టవర్ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. డ్యామ్ కృష్ణ నీటి తోపుడును తన బరువుతో ఆపుతుంది, అందుకే అడుగున అంత వెడల్పు. టవర్‌కు ఆ వెడల్పు ఇచ్చేంత స్థలం లేదు. ఎత్తు రెట్టింపైతే గాలి వల్ల అడుగున పడే వంచే బలం నాలుగు రెట్లకు మించుతుంది, ఎందుకంటే పైకి పోయే కొద్దీ గాలి వేగమూ పెరుగుతుంది. మన దేశపు కట్టడాల కోడ్‌లో హైదరాబాద్‌కు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 456 ప్రకారం పై అంచు పక్కకు జరిగేది ఎత్తులో 500వ వంతు దాటకూడదు. 125 మీటర్లకు అది 25 సెంటీమీటర్లు. దుబాయ్‌లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకు పైకి పోయే కొద్దీ ఆకారం మార్చుకుంటూ పోయింది కూడా గాలి సుడులు ఒక లయలో పడకుండా ఉండాలనే.

మీ టవర్‌లో ఈ తోపుడులో పెద్ద భాగాన్ని మోసేది లిఫ్టుల చుట్టూ ఉండే కోర్ వాల్. లిఫ్టు తలుపుల పైన పొట్టి బీములు ఉంటాయి చూడు, అవి రెండు గోడలనూ కలిపి ఒకటిగా పనిచేయిస్తాయి. చూడ్డానికి చిన్నవి, అందుకే ప్లంబింగ్ వాళ్లూ ఏసీ వాళ్లూ కోర్ కటింగ్ మిషన్ తెచ్చి అక్కడే రంధ్రం వేస్తామంటారు. స్ట్రక్చరల్ డిజైనర్ సంతకం లేకుండా ఒక్క రంధ్రం కూడా వేయనివ్వకు. గొడవైనా సరే.

కాలమ్-బీమ్ జాయింట్ గురించి కాస్త ఎక్కువ రాస్తా. కింది అంతస్తుల్లో కాలమ్ ఎం60, స్లాబ్ ఎం35 ఉందనుకో (ఇవి కాంక్రీటు బలం చెప్పే గ్రేడ్లు, అంకె పెద్దదైతే బలం ఎక్కువ). స్లాబ్ వేసేటప్పుడు అదే కాంక్రీటు జాయింట్‌లో కూడా పోసేస్తే, గట్టి కాలమ్ మధ్యలో ఒక బలహీనమైన పొర మిగులుతుంది. పైనున్న అంతస్తుల బరువంతా ఆ పొర గుండానే దిగాలి. కాబట్టి డ్రాయింగులో చూపించిన హద్దు వరకూ జాయింట్‌లో ముందు ఎం60 పోయాలి, అది పచ్చిగా ఉండగానే చుట్టూ స్లాబ్ కాంక్రీటు వచ్చి కలవాలి. దీనికి రెండు రకాల మిక్సర్ లారీలు సరైన వరుసలో రావాలి. నార్సింగి ట్రాఫిక్‌లో లారీ ఇరుక్కుంటే కోల్డ్ జాయింట్ పడుతుంది, అంటే ముందు పోసింది గట్టిపడి తర్వాతిది దానితో కలవదు. లారీలు ఏ వేళకు, ఏ వరుసలో రావాలో ముందురోజే ప్లాంట్ వాళ్లతో తేల్చుకో, రాసిపెట్టుకో.

అదే జాయింట్‌లో కాలమ్ నిలువు రాడ్లను చుట్టి పట్టే రింగులు కట్టడం కష్టం. నాలుగు వైపుల నుంచి బీము రాడ్లు వచ్చి గుచ్చుకుంటాయి, చెయ్యి దూరదు. స్లాబ్ వరకు రింగులన్నీ చక్కగా కట్టి, సరిగ్గా జాయింట్‌లో మానేస్తారు. పైనుంచి చూస్తే కనపడదు. బీము రాడ్లు దించకముందే ఆ రింగులు ఎక్కించమని మేస్త్రీకి చెప్పు, రింగుల చివరి కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంగాయో లేదో చూడు. రాడ్ల మధ్య కంకర దిగదనిపిస్తే పోసేముందే మాట్లాడాలి. పోశాక వైబ్రేటర్‌తో ఎంత కుస్తీ పట్టినా ప్రయోజనం ఉండదు.

రాఫ్ట్ లాంటి మందపాటి పోతకు వేడి శత్రువు. సిమెంటు గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, లోపలిది బయటికి పోదు. లోపలి వేడి 70 డిగ్రీలు దాటకుండా, లోపలికీ పైపొరకూ తేడా సుమారు 20 డిగ్రీల లోపు ఉండేలా చూస్తారు. మన ఎండల్లో అది తేలిక కాదు. ఐసు కలిపిన నీళ్లు, కొంత సిమెంటు బదులు వేసే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), రాత్రి పోత, పైన కప్పే దుప్పట్లు అన్నీ అందుకే. చల్లబడాలని దుప్పటి ముందే తీసేసేవాళ్లు ఉంటారు, అప్పుడే పగుళ్లు వస్తాయి.

అంతస్తులు లేస్తుంటే మేనేజర్లు వారానికో స్లాబ్ అంటారు, నీకు టెన్షన్ మొదలవుతుంది. వేగం తప్పు కాదు. కొత్త స్లాబ్ బరువు మోసేది కింద రెండుమూడు అంతస్తుల ప్రాప్స్ (తాత్కాలిక ఊతకర్రలు). క్యూబ్ రిజల్ట్ (కాంక్రీటు నమూనా దిమ్మల బలం పరీక్ష ఫలితం) రాకుండా వాటిని కదిలించకూడదు, అంతే. నిలువు చూసేటప్పుడు కింది అంతస్తును ఆధారంగా తీసుకోకు, ప్రతిసారీ నేల మీది గుర్తు నుంచే లేజర్ పట్టు. అది కూడా తెల్లవారుజామునే. ఎండ ఒక పక్క తగిలాక టవర్ కొంచెం వంగి ఉంటుంది.

న్యూయార్క్‌లో 59 అంతస్తుల సిటీకార్ప్ భవనం సంగతి తెలుసుకో. 1977లో పూర్తయింది. గాలికి అడ్డుగా పెట్టిన ఉక్కు దూలాల అతుకులు వెల్డింగ్ చేయాల్సింది, బోల్టులకు మార్చారు. మూలల వైపు నుంచి వచ్చే గాలికి ఆ అతుకులు చాలవని 1978లో బయటపడితే, రాత్రుళ్లు లోపల వెల్డింగ్ చేసి బలపరిచారు. దూలాలు బాగానే ఉన్నాయి, అతుకులే చాలలేదు. మార్పు ఎంత చిన్నదైనా నోటిమాట మీద ఒప్పుకోకు, డిజైనర్‌కు రాసి అడుగు, జవాబు కాగితం మీద తెప్పించుకో.

చివరగా మనుషులు. దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టింది పాలమూరు లేబరే, అది మర్చిపోకు. ఇప్పుడు నీ సైట్‌లో బిహార్, ఒడిశా పిల్లలు ఎక్కువ ఉంటారు. లిఫ్టు గుంతలు, డక్టులు, స్లాబ్ అంచులు మూయకుండా పై అంతస్తు పని మొదలుపెట్టనివ్వకు. గాలి ఎక్కువైతే క్రేన్ ఆపించు, ఎవరు అరిచినా సరే. షిఫ్టు మారేటప్పుడు పావుగంట ముందే పోయి, దిగిపోయే మేస్త్రీ దగ్గర నిలబడి ఏది సగంలో ఉందో అడుగు. నీకన్నా వయసులో పెద్దవాడు, మర్యాదగా అడిగితే తనే చూపిస్తాడు.

దసరాకు వచ్చేటప్పుడు బోరు రిపోర్టు కాపీ తీసుకురా, మీ కంపెనీ ఒప్పుకుంటేనే. కూర్చుని చూద్దాం.

నీ పెదనాయన