ఈ జూన్‌లో అప్లై చేయొద్దమ్మా

అమ్మడూ,

డెంటల్ కాలేజీలకు ఈ జూన్‌లోనే అప్లై చేయనా అని అడుగుతూ నువ్వు పంపిన ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) నిదానంగా చూశాను. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "పిల్ల తిండి సరిగ్గా తినట్లేదే, కాస్త ధైర్యం చెప్పు" అంది. ధైర్యం సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం.

మీ యూనివర్సిటీ కాగితం మీద కనిపించే జీపీఏని (ఏ గ్రేడ్‌కి 4, బీకి 3, సీకి 2, డీకి 1 చొప్పున వేసే సగటు) పక్కన పెట్టేయ్. ఆర్గానిక్ కెమిస్ట్రీ వన్ రెండోసారి తీసుకున్నావు కాబట్టి వాళ్లు పాత డీ తీసేసి కొత్త బీ మాత్రమే లెక్కేశారు. డెంటల్ స్కూళ్లకు అప్లికేషన్లు తీసుకుని పంపే యాడ్‌సాస్ సర్వీసు అలా ఊరుకోదు. నువ్వు రాసిన ప్రతి కోర్సూ, పోయినవి మళ్లీ రాసినవి అన్నీ కలిపే లెక్కేస్తుంది. మన టెక్సస్ కాలేజీలకు అలాంటి సర్వీసే అయిన టీఎండీసాస్ కూడా అంతే. ఆ పద్ధతిలో చూస్తే నీకు మొత్తం 120 క్రెడిట్లకు 2.9, సైన్స్ 60 క్రెడిట్లకు 2.7 వస్తోంది. డెంటల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు సుమారు 3.6. ఈ జూన్‌లో పంపితే ఫీజులు దండగ. ఒక ఏడాది ఆగు. ఫ్రిస్కోలో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా "అమ్మాయి ఇంకా ఏం చేస్తోంది" అని అడుగుతారు, నాకు తెలుసు. అడగనీ.

ఈ ఏడాదిలో ఏం చేయాలంటే సైన్సే చదవాలి. సీ వచ్చిన కోర్సులు మళ్లీ రాయడం వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. నాలుగు క్రెడిట్ల సీ గ్రేడ్, నాలుగు క్రెడిట్ల ఏ గ్రేడ్ కలిస్తే మిగిలేది బీనే. పైగా చూసేవాళ్లకు, తెలిసిన పాఠమే మళ్లీ చదివిందిలే అనిపిస్తుంది. చాలా కాలేజీలు ప్రీరిక్విజిట్‌లో (చేరేముందే పూర్తి చేయాల్సిన కోర్సులో) సీ కంటే తక్కువ ఉంటే ఒప్పుకోవు కాబట్టి ఫిజిక్స్ టూలో వచ్చిన ఆ డీ ఒక్కటి మాత్రం దిద్దుకో. మిగతా టైమంతా బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫిజియాలజీ, అనాటమీ, హిస్టాలజీ, ఇమ్యునాలజీ లాంటి పై స్థాయి కోర్సులకు పెట్టు. డెంటల్ మొదటి సంవత్సరంలో నీ మీద పడేవి ఇవే.

అవి విడివిడిగా, సెమిస్టర్‌కి ఒకటీ రెండూ చొప్పున తీసుకుంటే ఉపయోగం లేదు. డీన్ ఆఫీసులో నీ కాగితం పట్టుకున్న మనిషికి ఉండే అనుమానం ఒకటే: మా దగ్గర ఒకేసారి ఏడెనిమిది సబ్జెక్టులు మీద పడితే ఈ పిల్ల తట్టుకుంటుందా? నీకు రెండో సంవత్సరంలో దెబ్బ పడింది కూడా అక్కడే కదా, ఆర్గానిక్, జెనెటిక్స్, ఫిజిక్స్ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకుని. అందుకే ఫాల్ సెమిస్టర్‌లో 15, స్ప్రింగ్ సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు, అన్నీ సైన్సే తీసుకో. వీలైతే కమ్యూనిటీ కాలేజీలో కాదు, నాలుగేళ్ల యూనివర్సిటీలోనే.

అన్నింట్లో ఏ గ్రేడే వచ్చినా నీ సైన్స్ జీపీఏ 2.7 నుంచి 3.13 దాకానే వెళ్తుంది. మొత్తం జీపీఏ 3.12 అవుతుంది. ఇంత కష్టానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ యాడ్‌సాస్ సంవత్సరాల వారీగా కూడా విడదీసి చూపిస్తుంది. డిగ్రీ తర్వాత చదివినదానికి వేరే వరుస ఉంటుంది. ఆ వరుసలో 30 క్రెడిట్లకు 4.0 ఉంటే, పైనున్న రెండో సంవత్సరం వరుసను చదివే తీరే మారిపోతుంది.

మాస్టర్స్ గురించి అడిగావు. బోస్టన్ యూనివర్సిటీలో ఓరల్ హెల్త్ సైన్సెస్ మాస్టర్స్ లాంటివి ఉన్నాయి. డెంటల్ మొదటి సంవత్సరం వాళ్లతో కలిసి కొన్ని క్లాసులు చదివిస్తారు. అక్కడ బాగా చేస్తే దానికి మించిన రుజువు లేదు. అక్కడ బీలు, సీలు వస్తే మాత్రం ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఆ మార్కులు గ్రాడ్యుయేట్ జీపీఏ కింద వేరుగా పడతాయి, నీ 2.9 అలాగే కూర్చుంటుంది. ఖర్చు సంగతీ ఆలోచించు. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ పై చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఒక రకం అప్పు) లేవు. డెంటల్ లాంటి ప్రొఫెషనల్ కోర్సుకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. అప్పు చేసి బయటపడే డెంటిస్టుల సగటు అప్పే 3 లక్షల దరిదాపుల్లో ఉంది. దానికి ముందే మాస్టర్స్ అప్పు ఎందుకు? ముందు ఈ ఏడాది ఎలా గడుస్తుందో చూసి అప్పుడు మాట్లాడదాం.

డెంటల్ ప్రవేశ పరీక్ష డీఏటీ మాత్రం క్లాసులు మొదలయ్యేలోపు, ఈ ఎండాకాలంలోనే రాసెయ్. 15 క్రెడిట్లతో పాటు దాన్నీ నెత్తికెత్తుకుంటే మళ్లీ రెండో సంవత్సరం కథే. 2025 మార్చి నుంచి స్కోరు 200 నుంచి 600 లెక్కలో ఇస్తున్నారు, పాత 30 లెక్కలో చెప్పే సీనియర్ల మాటలు విని కంగారుపడకు. సైన్స్ భాగంలో 100 ప్రశ్నలు: బయాలజీ 40, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ 30. నీ ఆర్గానిక్ డీకి జవాబు చెప్పాల్సింది ఆ ఆర్గానిక్ స్కోరే, అక్కడ గట్టిగా కూర్చో. కాగితం మడతలు, ఘనాల లెక్క, కోణాలు ఉండే పీఏటీ భాగానికి తెలివి కంటే రోజూ చేసే అలవాటే ముఖ్యం. రోజుకో అరగంట చాలు. తయారవకుండా "ఒకసారి రాసి చూద్దాం" అని వెళ్లకు, పాత స్కోర్లు కూడా కాలేజీలకు కనిపిస్తాయి.

షాడోయింగ్ (డెంటిస్టు పక్కన ఉండి పని చూడటం) గంటలు 100 దాటాయంటున్నావు, ఇక పెంచక్కర్లేదు. మార్కుల్లో లోటును గంటలతో పూడ్చుకోవచ్చని చాలామంది పిల్లలు అనుకుంటారు, అది కుదరదు. వారానికి ఒక రోజు నా క్లినిక్‌కి వచ్చి సక్షన్ పట్టుకో, నేర్చుకుంటావు. సిఫారసు ఉత్తరం మాత్రం నేను రాయను, బంధువు రాసింది ఎవరూ లెక్కచేయరు. ఈ ఏడాది పాఠం చెప్పే ప్రొఫెసర్లలో ఇద్దరి దగ్గర మొదటి నెల నుంచే ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులు వచ్చి కలవడానికి వాళ్లు కేటాయించే టైముకి) వెళ్లు. వాళ్లు రాసే రెండు లైన్లు నీ పాత ట్రాన్స్‌క్రిప్ట్‌కి ఎదురు సాక్ష్యం.

యాడ్‌సాస్‌లో నీ గురించి నువ్వు రాసుకునే స్టేట్‌మెంట్‌కి ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలే ఇస్తారు. అందులో తక్కువ మార్కుల గురించి మూడు వాక్యాలు మించొద్దు. డాన్స్ టీమ్‌తో పోటీలకని వారాంతాల్లో ఊళ్లు తిరిగానని, అంత బరువు ఒకేసారి పెట్టుకున్నానని, తర్వాత ఏం మార్చుకున్నానో ఇదని రాసి ముందుకెళ్లిపో. అమ్మమ్మ ఆరోగ్యం అందులోకి తేకు. ఆవిడ నీ రెండో సంవత్సరంలో నిక్షేపంగా ఉంది.

ఇండియా పంపి బీడీఎస్ చేయిద్దామని మీ నాన్న అంటున్నారట. నేను ఆ దారిలోనే వచ్చాను కాబట్టి చెప్తున్నా: అక్కడ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు, తిరిగొచ్చాక అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీటు (బయటి దేశంలో డెంటల్ చదివినవాళ్లకు ఇక్కడి డిగ్రీలో ఇచ్చేది) దొరికితే ఇంకో రెండు మూడేళ్లు. ఆ సీట్లకు పోటీ ఇంతకంటే తక్కువేం కాదు. బావగారితో నేను మాట్లాడతాను.

వచ్చే మే నెలలో టీఎండీసాస్ తెరిచిన వారంలోనే హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, డాలస్, ఎల్ పాసో డెంటల్ కాలేజీలు నాలుగింటికీ అప్లికేషన్ పెట్టాలి. టెక్సస్ వాసులకే ఎక్కువ సీట్లు, ఫీజూ తక్కువ. యాడ్‌సాస్‌లో బయటి కాలేజీల జాబితా మనిద్దరం కూర్చుని రాసుకుందాం. ఫాల్ రిజిస్ట్రేషన్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్లు త్వరగా నిండిపోతాయి, డిగ్రీ అయిపోయినవాళ్లకు వరుసలో చివరి చోటు ఇస్తారేమో రేపే అడ్వైజర్‌కి ఫోన్ చేసి కనుక్కో.

మీ పిన్ని