బండి అక్కడ ఎందుకు ఆగేది?

హనుమకొండ

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ నిదానంగా చదివాను. యూఏఈలో మసాఫీ ఊరి దగ్గర రోడ్డు వెంట ఉండే శుక్రవారం సంత, షార్జా వైపు నుంచి ధైద్ మీదుగా దాని ముందుకు వచ్చే పాత రోడ్డు, ఆ రోడ్డును పక్కకు నెట్టి ఎడారి దాటి కొండల్లోకి దూసుకుపోయిన కొత్త హైవే. ఇంత విషయం చేతిలో ఉంచుకుని మొదటి రెండు పేజీలు సూర్యాస్తమయానికి ఇచ్చేశావు. ఆ పేజీలు బాగానే రాశావు. అయినా తీసెయ్యమంటున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు జగిత్యాల జిల్లా నుంచి వెళ్లి అక్కడ ఏళ్ల తరబడి సరుకుల వ్యాను నడిపినవాడివి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్ పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం. అయినా మన కథల్లో గల్ఫ్ అంటే అప్పు, ఏజెంటు మోసం, విమానంలో వచ్చే శవపేటిక. అవన్నీ నిజాలే, ఇంకా రాయవలసినవే. కానీ మనవాళ్లు అక్కడ రోజూ తిరిగే రోడ్లు, మధ్యాహ్నం బండి ఆపుకునే చోట్లు, ఎవరి దగ్గర చాయ్ తాగుతారు, ఏ భాషలో మాట్లాడుకుంటారు అన్నవి చాలా తక్కువగా వచ్చాయి. నీకు అవి తెలుసు. సూర్యుడు అస్తమించడం మాత్రం అందరికీ తెలుసు.

నీ కథ నడుమ ఒక వాక్యం ఉంది: "ధైద్ దాటాక అంతా ఎండే, కొండ మొదలయ్యే చోట అందరం ఆగేవాళ్లం." నువ్వు దాన్ని దారిన పోతూ రాసి వదిలేశావు. నా దృష్టిలో కథంతా అందులోంచి రావాలి. రోడ్డు పక్కన ఏదైనా ఒక చోటు పేరు పడిందంటే, అక్కడ బండ్లు ఆగడానికి ఏదో కారణం ఉండి ఉంటుంది. నీళ్లు, నీడ, ఇంజను వేడెక్కడం, దారి చీలడం, గేటు పడటం, మొక్కు. ఆ కారణం ఏమిటో ముందు పట్టుకో. కొత్త రోడ్డు ఆ కారణాన్ని ఎలా తీసేసిందో తర్వాత చూపించు. అలా చేస్తే నువ్వు ఎక్కడా "అయ్యో" అనవలసిన పని ఉండదు, చదివేవాడే అనుకుంటాడు.

మసాఫీ సంగతే తీసుకో. ముందు ఎర్రటి ఇసుక దిబ్బలు, తర్వాత తుమ్మల వంటి ముళ్లచెట్లు అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డ గులకరాళ్ల మైదానం, ఆ తర్వాత నల్లగా, గోధుమ రంగుగా హజర్ కొండలు. ఆ కొండల్లో మసాఫీ దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి దిబ్బాకు, ఒకటి ఫుజైరాకు. సెలవు రోజున దుబాయి, షార్జాల నుంచి తూర్పు తీరానికి బయలుదేరిన కుటుంబాలు అక్కడికి వచ్చేసరికి పిల్లలకు ఆకలి, పెద్దలకు విసుగు. రోడ్డుకు ఆనుకునే దుకాణాలు: వేలాడదీసిన తివాచీలు, మట్టి కుండలు, పూల మొక్కలు, పండ్లు, ఆట బొమ్మలు, నిప్పుల మీద కాల్చే మక్కజొన్న కంకులు. పేరు శుక్రవారం సంత, తెరిచి ఉండేది వారమంతా. ఇవన్నీ నీ కథలో చిల్లర వస్తువుల్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. కారు వేగం తగ్గగానే దుకాణం కుర్రవాడు కిటికీ దగ్గరికి ఎలా పరిగెత్తేవాడు, తివాచీ బేరం ఎక్కడ మొదలై ఎక్కడ తెగేది, నీలాంటి వ్యాను డ్రైవరుకు ఒక ధర, కుటుంబంతో వచ్చిన షేక్‌కు ఇంకో ధర ఉండేదా? సంత అంటే ఈ వ్యవహారం. అది నడుస్తున్నప్పుడు చూపిస్తేనే, ఆగిపోయినప్పుడు పాఠకుడికి తెలుస్తుంది.

ఇంకొకటి. నీ కథలో ఏడాది లేదు. కొత్త హైవే "ఒకరోజు వచ్చింది" అన్నావు. అలా రాదు కదా. దుబాయి నుంచి ఫుజైరాకు నేరుగా పోయే షేక్ ఖలీఫా రోడ్డు 2010 దశకం మొదట్లో తెరుచుకుంది. 2019లో షార్జా నుంచి ఖోర్‌ఫక్కాన్‌కు 89 కిలోమీటర్ల రోడ్డు వచ్చింది, కొండలను తొలిచి అయిదు సొరంగాలతో. 2022 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం వారాంతపు సెలవును శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చి శుక్రవారాన్ని సగం పనిదినం చేసింది. శుక్రవారం పేరుతో బతికే సంతకు ఇది చిన్న విషయమా? అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. ఏ రోజు బేరం పెరిగింది, ఏ రోజు పడిపోయింది అని దుకాణదారును ఫోనులో అడిగి రాయి. ఒక దుకాణం ఒక్క దెబ్బకు మూతపడదు. మొదట సాయంత్రపు కుర్రవాణ్ణి తీసేస్తారు, తర్వాత పండ్లు తెప్పించడం తగ్గిస్తారు, ఆ తర్వాత పక్క దుకాణం ఖాళీ అయితే దాని ముందు కూడా కుండలు పెట్టుకుంటారు. ఈ మెట్లన్నీ నువ్వు ఎక్కించాలి.

కారణం పట్టుకోవడం అలవాటు కావాలంటే మన దగ్గర చూడు. ఖిలా వరంగల్‌లో రాతికోట ద్వారాల గుండా దారి నేరుగా పోదు, మలుపు తిరిగి పోతుంది. దాడికి వచ్చేవాణ్ణి నెమ్మదింపజేయడానికి కాకతీయుల కాలంలో అలా కట్టారు. ఇవాళ ఆటోవాడు కూడా అక్కడ బ్రేకు వేస్తున్నాడు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఉంది. పాత ఏడో నంబరు రహదారి మీద లారీలు ఆ మలుపులు మూలుగుతూ ఎక్కేవి, ఇంజను చల్లబడేదాకా డ్రైవర్లు దిగి నిలబడేవారు. నాలుగు వరుసల 44వ నంబరు రహదారి నిర్మల్ ఊరినీ ఆ ఘాటునూ పక్కన పెట్టి పోయింది. ఇప్పుడు ఘాటుకు వచ్చేది ఎక్కువగా వానాకాలం పచ్చదనం చూడటానికి, ఫోటోలు దిగడానికి. చోటు అదే, ఆగే మనిషి మారాడు. అది కూడా ఒక కథే, బహుశా నువ్వు అనుకున్నదానికంటే మంచి కథ. ఎల్కతుర్తి చౌరస్తా ఇంకో రకం. సిద్దిపేట, హుస్నాబాద్ వైపు పోయేవాళ్లు కరీంనగర్-వరంగల్ రోడ్డు మీద బస్సు దిగి, ఇంకో బస్సు కోసం నిలబడే చోటు. నిలబడ్డ మనిషికి చాయ్ కావాలి, పిల్లకు బిస్కెట్ కావాలి. అక్కడి దుకాణాలన్నీ ఆ ఎదురుచూపు మీదే బతుకుతాయి.

గట్టమ్మ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ములుగుకు ముందు, వరంగల్ నుంచి పోయే 163వ నంబరు రహదారి పక్కనే ఆ తల్లి గుడి. రెండేళ్లకు ఒకసారి మాఘంలో మేడారం జాతరకు పోయే జనం ముందు గట్టమ్మకు మొక్కి, కొబ్బరికాయ కొట్టి కదులుతారు. జాతర లేని రోజుల్లో కూడా ఏటూరునాగారం వైపు పోయే డ్రైవరు అక్కడ వేగం తగ్గించి ఒక చెయ్యి గుండె మీద పెట్టుకోవడం చూస్తావు. ఆ రోడ్డు ఒకప్పుడు 202వ నంబరు, ఇప్పుడు 163. వెడల్పయింది, నున్నబడింది, బండ్లు బలమైనవి వచ్చాయి. ఆ గట్టు ఎక్కడానికి ఇప్పుడు ఏ బండీ ఆయాసపడదు. అయినా ఆగుతారు. గుడి ముందు కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ అమ్మే వాళ్ల బతుకు రోడ్డు ఇంజనీరు చేతిలో లేదు, అటుగా పోయేవాళ్ల మొక్కులో ఉంది. మసాఫీ సంతలో ఆగడానికి అలాంటి మొక్కు ఏదైనా ఉండేదా? ప్రతి సెలవుకూ వచ్చి అదే దుకాణంలో అవే పండ్లు కొనే కుటుంబం ఒక్కటైనా ఉందా? కొత్త రోడ్డు తెరుచుకున్నాక కూడా పాత దారినే వచ్చిన మనిషి ఎవరైనా? ఉంటే నీ కథకు కథానాయకుడు ఆ మనిషే. నువ్వు రాసిన తెల్లగడ్డం దుకాణదారు కాదు.

ఆ దుకాణదారు గురించి కూడా చెప్పాలి. నువ్వు అతన్ని ఋషిని చేశావు. మాట్లాడడు, దూరంగా చూస్తాడు, నిట్టూరుస్తాడు. పరాయి దేశంలో దుకాణం నడిపే మనిషికి అంత తీరిక ఉండదు. కిరాయి ఎంత? లైసెన్సు ఎవరి పేరు మీద? వీసా ఎప్పుడు రెన్యూవల్? సరుకు అప్పు మీద తెచ్చాడా? చాయ్ దుకాణమైతే రోడ్డు మారక ముందు రోజుకు ఎన్ని లీటర్ల పాలు పోసేవారు, మారాక ఎన్ని? పాల లెక్క ఒక్కటి దొరికితే నీ మూడు పేజీల నిట్టూర్పులు తీసేయవచ్చు. మీ ఇద్దరికీ కలిసిన భాష ఆ రోడ్ల మీద పుట్టిన హిందీ. అందులో సగం మాటలతో, సగం సైగలతోనే మీరు స్నేహితులయ్యారు. మరి కథలో అతని చేత అంత నిండైన తెలుగు వాక్యాలు ఎందుకు మాట్లాడించావు? తక్కువ మాటలే ఇవ్వు. అతనికి చెప్పడం చేతకాక మిగిలిపోయినది నువ్వు చూసినదాన్ని బట్టి రాయి.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. కొత్త రోడ్డును నువ్వు రాక్షసిని చేశావు. అది అన్యాయం. ఏటూరునాగారం వైపు అడవి పల్లెలోంచి కాన్పు కష్టమైన ఆడమనిషిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకురావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. ఆ అంబులెన్సులో కూర్చున్న తల్లికి పాత రోడ్డు అందం గురించి చెప్పగలవా? నువ్వే వ్యాను డ్రైవరువి. కొత్త హైవే మీద నీకు మిగిలిన గంటలో నువ్వేం చేశావు? నిద్రపోయావా, ఇంటికి ఫోను చేశావా, ఇంకో ట్రిప్పు వేయించారా? ఆ ఎడారి ఎండలో కొత్త రోడ్డు వేసిన కూలీల్లో మన జిల్లాల పిల్లలు నీకు తగిలారా? అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ రెండున్నర గంటలు ఎక్కడ నీడ దొరికింది వాళ్లకు? పాత రోడ్డు మీద సంత నడిపినవాడూ బతుకుదెరువుకు వచ్చినవాడే, కొత్త రోడ్డు వేసినవాడూ బతుకుదెరువుకు వచ్చినవాడే. వాళ్లిద్దరినీ ఒకే చాయ్ దుకాణంలో కూర్చోబెట్టే అవకాశం నీ కథలో ఉంది. ఎందుకు వదులుకున్నావు?

కథ చివర రంగు వెలిసిన బోర్డు, దాని మీద ఇసుక. తీసెయ్యి. రోడ్ల గురించి రాసే ప్రతివాడూ అక్కడికే చేరుతున్నాడు. నీ వ్యాను చివరిసారి అక్కడ ఆగినప్పుడు ఏ సరుకు ఉంది, ఎవరికి ఏం బాకీ ఉన్నావు, ఆ బాకీ తీరిందా? నీ నోట్సులో ఈ సంగతి ఉందని నాకు అనుమానం, ఎందుకంటే మధ్యలో ఒకచోట "ఇరవై దిర్హాములు" అని రాసి కొట్టేశావు. ఆ కొట్టేసిన మాట దగ్గరికి తిరిగి వెళ్లు.

ఇంకా ముఖ్యమైన మాట మిగిలింది. మసాఫీ కథ నువ్వు అంతా అయిపోయాక రాశావు. కానీ నువ్వు తిరిగి వచ్చిన ఈ నేల మీద రోడ్లు ఇప్పుడే మారుతున్నాయి. 2023 జూలై 8న ప్రధాని వరంగల్ వచ్చి రెండు పనులకు శంకుస్థాపన చేశారు. ఒకటి నాగ్‌పూర్-విజయవాడ కారిడార్‌లో మంచిర్యాల నుంచి వరంగల్‌కు 108 కిలోమీటర్ల కొత్త దారి. దాంతో ఆ రెండు ఊళ్ల మధ్య సుమారు 34 కిలోమీటర్ల దూరం తగ్గుతుందని చెప్పారు. రెండోది కరీంనగర్-వరంగల్ మధ్య 68 కిలోమీటర్లు రెండు వరుసల నుంచి నాలుగు వరుసలు చేయడం. దూరం తగ్గిందంటే కొన్ని ఊళ్లు దారిలోంచి పోయినట్టే. కొత్త దారికి పొలం పోయిన రైతుకు పరిహారం ఉంటుంది, చాలదని కొట్లాడే హక్కూ ఉంటుంది. పాత దారి మీద భూమి ఏమీ పోకుండా బేరం మాత్రమే పోయే హోటలు మనిషికి ఏ కాగితమూ రాదు, అధికారి ఎవరూ సర్వేకు రారు. ఆయన నష్టం ఎవరి లెక్కలోనూ ఉండదు. దాన్ని రాసిపెట్టే పని మనది, ముఖ్యంగా నీది, ఎందుకంటే ఇలాంటిది ఒకసారి కళ్లారా చూసి వచ్చినవాడివి.

కాబట్టి మసాఫీ కథను కొన్నాళ్లు పక్కన పెట్టు. కరీంనగర్‌లో పల్లెవెలుగు బస్సు ఎక్కు, ఎక్స్‌ప్రెస్ వద్దు. మానకొండూరు, కేశవపట్నం, హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి. బస్సు ఆగిన ప్రతి చోటా దిగనవసరం లేదు, రెండు చోట్ల దిగు చాలు. పంక్చరు షాపు, మిర్చి బండి, చాయ్ హోటలు, సీతాఫలాల కాలమైతే గంపలు పెట్టుకుని కూర్చున్న అమ్మలు. మీ దగ్గర ఎందుకు ఆగుతారు అని అడుగు. మొదట "దేవుడి దయ" అంటారు. కాసేపు కూర్చుంటే అసలు కారణం చెబుతారు. పాల లెక్క, కిరాయి లెక్క రాసుకో. తారీఖు వేసుకో. మళ్లీ ఆరు నెలలకు అక్కడే దిగి అదే అడుగు. హసన్‌పర్తి దాటాక నాకు ఫోను చెయ్యి, భోజనానికి మా ఇంటికే రావాలి. నీ నోట్సు పుస్తకం వెంట తెచ్చుకో, ఇరవై దిర్హాముల సంగతి కూడా అప్పుడు మాట్లాడుకుందాం.

నీ అన్న